ఆవిడ చూసిన ఇల్లు

నాకు చాలా ఏళ్లుగా ఒక అనుమానం ఉండేది. రోజూ పొద్దున్నే నేనూ మా ఆవిడా దేవుడి పటం ముందు పక్కపక్కనే నిలబడి దండం పెట్టుకుంటాం. పటం ఒకటే. అడిగేవి కూడా ఇంచుమించు ఒకటే. కానీ కళ్లు మూసుకున్నాక ఆవిడకి కనబడే దేవుడూ, నాకు కనబడే దేవుడూ ఒక్కడేనా?

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. ముందు మీ దేవుడెలా ఉంటాడో చెప్పమంది. పెద్దాయన, గట్టివాడు, ఎక్కడ ఏది ఉండాలో అక్కడ ఉంచేవాడు అని చెప్పాను. ఆవిడ, "నాకలా కనబడడు. ఎప్పుడూ ఏదో పనిలో ఉంటాడు. పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వస్తాడు" అంది.

ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అయితే ఇల్లు కొనుక్కోవడానికి తిరిగిన ఆ ఎండాకాలం తర్వాత, అది నన్ను బాధపెట్టడం మాత్రం మానేసింది.

నేను ఊరి నీళ్ల ట్యాంకు దగ్గర పంపు నడుపుతాను. మధ్యాహ్నం ఎక్కితే రాత్రి దాకా డ్యూటీ. మా ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ ఏడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. మేముంటున్న వాటా యజమాని ఒకనాడు వచ్చి, కొడుకు పెళ్లి కుదిరిందనీ, కొత్త జంటకి మా వాటా కావాలనీ, బడులు తెరిచేలోగా ఖాళీ చేస్తే బాగుంటుందనీ చెప్పాడు. మనిషి మంచివాడు. చెప్పడానికి మొహమాటపడి రెండుసార్లు మంచినీళ్లు అడిగి తాగాడు.

అప్పటికి ఆరు అద్దె ఇళ్లు మారాం. ఆరూ నేను చూసినవే. నేను చూసొచ్చి "బాగుంది, సామాను కట్టు" అంటే ఆవిడ కట్టేది. ఈసారి అద్దెకి కాదు, కొందామనుకున్నాం. ఉన్నదంతా ఊడ్చి, ఆఫీసులో దొరికే అప్పు కలిపితే ఒక ఇల్లు వస్తుంది. ఒక్కటే. అద్దె ఇల్లు నచ్చకపోతే మారిపోవచ్చు. ఇది అలా కాదు. తప్పుగా చూశామంటే జీవితాంతం ఆ తప్పులోనే కాపురం.

మా ఆవిడ మిషను మీంచి తల ఎత్తకుండానే, "ఈసారి నేనూ చూస్తాను" అంది. ఆ మాట అన్న తీరు చూస్తే, ఆరిళ్ల నుంచీ దాచుకున్న మాటలా ఉంది.

ఊళ్లో ఇళ్లు చూపించే బ్రోకరు ఒకాయన ఉన్నాడు. నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. సందు మొదట్లో ఉండగానే గలగలమని వినిపిస్తాడు. మొదటి ఇంటికి మా ఇద్దర్నీ కలిపే తీసుకెళ్లాడు. నేను గోడలు తట్టుకుంటూ పోతున్నాను. ఒక మూల చెమ్మ కనబడి మొహం చిట్లించాను. అది చూసి మా ఆవిడ, ఇల్లు నచ్చలేదంది. బయటికొచ్చాక మాటల్లో తెలిసిందేమిటంటే, ఆవిడకి ఇల్లు బాగా నచ్చింది. నా మొహమే నచ్చలేదు.

తాళాలాయన చెట్టు నీడలో స్కూటరు ఆపి మాకు ఉపదేశం చేశాడు.

"అయ్యా, మొగుడూ పెళ్లాం కలిసి వస్తే ఇల్లు చూడరండి. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. దానికి నా తాళాలెందుకు? మీ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చుగా."

ఆయన పద్ధతి వేరు. పొద్దున పూట మగవాళ్లకి, మధ్యాహ్నం ఆడవాళ్లకి. అమ్మేవాళ్లలో కూడా అంతే. మగవాడికి ఇంటాయన చూపించాలి, ఆడమనిషికి ఇంటావిడ చూపించాలి. అన్నీ చూడటం అయ్యేదాకా మొగుడూ పెళ్లాం ఒకరి దగ్గర ఒకరు ఊసెత్తకూడదు. తర్వాత ఎంత కొట్టుకున్నా ఇంట్లోనే కొట్టుకుని, ఇద్దరి మాటా ఒకటయ్యాకే తన దగ్గరికి రావాలి. మధ్యలో తీర్పులు తను చెప్పడు, ఎవరికి ఏ ఇల్లు చూపించాడో కూడా చెప్పడు. నా డ్యూటీకీ, ఆవిడ కుట్టుపనికీ కూడా ఆ పద్ధతి సరిపోయింది.

నా సంచిలో టార్చి, టేపు, ఒక గాజు గోళీ ఉండేవి. ఏ ఇంటికెళ్లినా ముందు గోళీని గది మధ్యలో పెట్టేవాణ్ణి. అది దొర్లితే నేల వాటం సరిగ్గా లేనట్టు. తర్వాత కుళాయిలన్నీ విప్పి ధార చూసేవాణ్ణి. మేడెక్కి ట్యాంకు మూత తీసి లోపలికి టార్చి కొట్టేవాణ్ణి. ఒక ఇంట్లో గోళీ గది మధ్యలోంచి బయల్దేరి, గడప దగ్గర ఆగకుండా మెట్లు కూడా దిగి వీధిలోకి వెళ్లిపోయింది. ఆ ఇంటాయన దాన్ని తనే పరిగెత్తి పట్టుకొచ్చి ఇచ్చాడు. నేను దాన్ని సంచిలో వేసుకుని వచ్చేశాను.

మా ఆవిడ సంచిలో ఏముండేదో నాకు తర్వాత తెలిసింది. రెండు దారపు ఉండలు. ఒకటి నలుపు, ఇంకోటి ముదురు నీలం. ప్రతి ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి ఆ రెండింటినీ పక్కపక్కన పట్టుకునేది. తేడా తెలిస్తే అక్కడ మిషను వేసుకోవచ్చు. తెలియకపోతే ఆ ఇల్లు ఎంత గొప్పదైనా ఆవిడకి చీకటి కొట్టే. ఆ తర్వాత ఇంటావిడని ఒకే ఒక ప్రశ్న అడిగేదట, రోజు మొత్తంలో మీరు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారని. ఆవిడ చూపించిన చోట తనూ కాసేపు కూర్చుని లేచేది. ఒక ఇంటావిడకి ఆ ప్రశ్నకి జవాబు తోచలేదట. "కూర్చోవడమా?" అందట. మా ఆవిడ అక్కడి నుంచే వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఎండలు ముదురుతున్నాయి. ఇళ్లు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. చివరికి ఒక పొద్దున తాళాలాయన నన్ను స్కూటరెక్కించుకుని పెద్ద రోడ్డు మీద ఒక ఇంటికి తీసుకెళ్లాడు. ఇంటాయన రిటైరైన రైలు గార్డు. తమ్ముడి పక్క వాటా ఖాళీ అయిందనీ, ఇద్దరూ ఒకచోట చేరి పొద్దస్తమానం చదరంగం ఆడుకోవాలని నిశ్చయించుకున్నారనీ, అందుకే అమ్ముతున్నాననీ చెప్పాడు. ఆయన ఇల్లు చూపించిన తీరు రైలు తనిఖీ చేస్తున్నట్టుంది. ముందు గది ఇంజను. ఆ వెనక ఒకటీ, దాని వెనక ఇంకొకటీ పెట్టెలు. వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఇది చివరి పెట్టె. ఇందులో నా పెత్తనం లేదండీ. మీరే చూసుకోండి" అన్నాడు.

వంటిల్లు చీకటిగా ఉంది. పెరటి తలుపూ కిటికీ మూసి ఉన్నాయి. కుళాయి తిప్పాను, నీళ్లు బాగా వచ్చాయి, కట్టేసి బయటికొచ్చాను. పెరట్లో ఎక్కడో గిన్నెల చప్పుడు వినిపించింది. గోడలు మూరెడు మందం. గోళీ పెట్టిన చోటి నుంచి కదల్లేదు. ఇంకో గదిలో పెట్టాను, అక్కడా కదల్లేదు. మేడెక్కి ట్యాంకు చూశాను, అడుగున ఇసుక రేణువు లేదు. నా మనసు నిండిపోయింది. ఇదే మా ఇల్లు అనుకున్నాను.

ఆ వారంలోనే మా ఆవిడ కూడా ఒక రోజు మధ్యాహ్నం ఇల్లు చూసొచ్చి, రాత్రి నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నిద్రపోకుండా కూర్చుని ఉంది. ఇల్లు నచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది. తాళాలాయన ఇంక చూపించడానికి ఇళ్లు లేవన్నాడట. అంటే ఊసెత్తచ్చు.

అప్పుడు మొదలైంది మా పోరు.

ఆవిడ ఇల్లు సందులో ఉందట. సందంతా నీడేనట. గేటు తీయగానే నిమ్మచెట్టు ఉందట. ఆ పక్కనే వంటిల్లు, దాన్నిండా వెలుగు. గదులెన్ని అని అడిగాను. వంటింటితో కలిపి రెండు అంది. ఇంకో గది కూడా ఉంది గానీ తలుపు వేసి ఉందనీ, ఇంటాయన లోపల పడుకున్నాడనీ, లేపకూడదన్నారనీ చెప్పింది.

"మూసిన గది చూడకుండా ఇల్లు కొంటావా?" అన్నాను.

"గురక వినిపించిందండీ. గది బాగానే ఉండి ఉంటుంది. ఇరుకు గదిలో ఎవరికీ అంత హాయిగా నిద్ర పట్టదు."

గోడలెంత మందం ఉన్నాయన్నాను. గోడలున్నాయంది. మేడ మీద ట్యాంకు ఎలా ఉందన్నాను. మేడ ఉందో లేదో చూడలేదంది. ఇంక నా వంతు అయిపోయి ఆవిడ వంతు వచ్చింది. మీ ఇంట్లో వెలుగు ఎటు నుంచి వస్తుందని అడిగింది. స్విచ్చు వేస్తే వస్తుందన్నాను. పెరట్లో ఏ చెట్టుందంది. పెరడు ఉన్నట్టే ఉందన్నాను. ఇంటావిడ ఎలాంటి మనిషంది. గిన్నెలు తోముకునే మనిషన్నాను. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, మీరు చెరో ఇంట్లో ఉండండి, నేను ఆదివారాలు వచ్చి ఇద్దర్నీ చూసిపోతానంది.

నవ్వుకున్నాం గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నాది గట్టి ఇల్లు, ఆవిడది నిమ్మచెట్టు ఇల్లు. భోజనాల దగ్గరా అదే మాట, బట్టలు ఆరేసే దగ్గరా అదే మాట. రెండు మూడు రోజులకి మాటలు కూడా అయిపోయి, గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం, తలుపులు కాస్త గట్టిగా వేయడం మొదలయ్యాయి. ఇంతలో తాళాలాయన కబురు పంపాడు. ఇంకో పార్టీ తిరుగుతోందనీ, శనివారం లోపల తేల్చకపోతే నచ్చిన ఇల్లు చేజారుతుందనీ. ఏ ఇల్లో చెప్పలేదు. నా ఇల్లే పోతోందని నేను గాభరా పడ్డాను. తన ఇల్లే పోతోందని ఆవిడ గాభరా పడింది.

శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే పటం ముందు నిలబడ్డాం. దేవుడా, ఏ ఇల్లో నువ్వే చెప్పు అని అడిగాను. ఆయన ఏమీ చెప్పలేదు. కళ్లు తెరిచి పక్కకి చూశాను. ఆవిడ ఇంకా కళ్లు మూసుకునే ఉంది, పెదవులు కదులుతున్నాయి. నుదుటి మీద చిన్న ముడత. ఏమడుగుతోందో నాకు వినబడలేదు. ఇల్లు అడుగుతోందా, నన్ను భరించే ఓపిక అడుగుతోందా అనిపించింది. నేను రోజులో సగం పంపుల దగ్గరే ఉంటాను. ఆ గోడల మధ్య రోజంతా ఉండేది ఈవిడ. గోళీ దొర్లితే దొర్లనీ, ఆవిడ ఇల్లే తీసుకుందాం అనుకున్నాను. అనుకోగానే ఛాతీ తేలికైంది. ఆయన చెప్పలేదనుకున్నాను గానీ, చెప్పాడేమో.

మాట చెబుదామని మిషను దగ్గరికి వెళ్లేసరికి, సూదిలో దారం ఎక్కిస్తూ ఆవిడే ముందు అనేసింది.

"మీ ఇల్లే తీసుకుందామండీ. గోడల సంగతి మీకు తెలుసు. నాదొక్కటే కోరిక. ఒక్కసారి నాతో వచ్చి ఆ నిమ్మచెట్టు ఇల్లు చూడండి. కొనడానికి కాదు. ఊరికే చూడండి."

ఆవిడ ఇల్లే తీసుకుందామని చెప్పడానికే నేను వచ్చాను. అప్పుడే చెప్పేస్తే, ఆవిడ అడిగింది చూడకుండానే ఇచ్చినట్టవుతుందని ఊరుకున్నాను. ముందు చూస్తాను, అక్కడే నిలబడి ఇదే తీసుకుందాం అంటాను, ఆవిడ మొహం చూస్తాను అని నాలో నేనే మురిసిపోయాను. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ తోటి ఆపరేటరుకి అప్పగించి ఇద్దరం బయల్దేరాం.

ఆవిడ చెప్పింది నిజమే. సందంతా నీడ. ఆవిడ నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తూ, ఈ ఇంటివాళ్లు పాలు పోస్తారనీ, ఆ ఇంటి పిల్ల కుట్టు నేర్చుకుంటానందనీ చెబుతోంది. ఒక్కసారి వచ్చిన సందులో ఇన్ని సంగతులు ఎలా తెలిశాయో నాకు అర్థం కాలేదు. చిన్న గేటు తీసింది. నిమ్మచెట్టు కింద ఒక పెద్దావిడ బియ్యం ఏరుకుంటోంది.

"రామ్మా. మీవారా? మెల్లిగా మాట్లాడండి నాయనా, ఆయన పడుకున్నారు" అంది.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి కిటికీ కింద పీట మీద కూర్చోబెట్టింది. పిన్నిగారు ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడేనట అని గుసగుసగా చెప్పింది. కూర్చున్నాను. తలుపూ కిటికీ బార్లా తీసి ఉన్నాయి. చెట్టు ఆకుల్లోంచి వచ్చిన వెలుగు నేల మీద కదులుతోంది. ఎక్కడి నుంచో నిమ్మపూల వాసన. మా ఆవిడ సంచిలోంచి దారపు ఉండలు తీసి నా కళ్ల ముందు పట్టుకుని, ఏది నలుపో చెప్పమంది. చెప్పాను. పరీక్ష ప్యాసైనట్టు తలూపింది. ఆ క్షణాన నేను ఇచ్చేద్దామనుకున్నది త్యాగం కాకుండా పోయింది. నాకు ఆ ఇల్లు నిజంగానే నచ్చింది. గోళీ జేబులోనే ఉంది, తీయబుద్ధి కాలేదు.

అలవాటు కొద్దీ లేచి కుళాయి మీద చెయ్యి వేశాను. దాని పిడి కాస్త వదులు. కిందికి నొక్కి పట్టుకుని తిప్పితేనే తిరుగుతుంది. నా చెయ్యి నొక్కి తిప్పింది. నీళ్లు వచ్చాక గానీ నాకు తోచలేదు, నొక్కి తిప్పాలని నా చేతికి ఎవరు చెప్పారు?

లోపలి గదిలో దగ్గు వినిపించింది. గొళ్లెం తీసిన చప్పుడు. తువ్వాలు భుజాన వేసుకుని, నిద్ర కళ్లతో ఒకాయన వంటింటి గడప దాకా వచ్చి ఆగాడు.

"పంపుబాబు కదూ" అన్నాడు గార్డుగారు. "ఇవాళేమిటి, చివరి పెట్టెలోంచి ఎక్కారు?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గార్డుగారి వైపు చూసింది, ఆయన వెనక తెరిచి ఉన్న గది వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత అలాగే నేల మీద చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తోందేమోనని పెద్దావిడ కంగారుగా లోపలికి వచ్చింది. సంగతి విన్నాక ఆవిడా పక్కనే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇంటిని రైలులా చూపిస్తాడని ఆవిడకి ఆ రోజే తెలిసిందట. తన వంటిల్లు చివరి పెట్టె ఎందుకైందో సాయంత్రం తేలుస్తానంది.

గార్డుగారు ఏళ్ల తరబడి రాత్రి రైళ్లలో పనిచేసిన మనిషి. రిటైరైనా మధ్యాహ్నం నిద్ర మానలేదు. ఆ వేళకి ఎవరొచ్చినా పెద్ద రోడ్డు వైపు తలుపు కొట్టకుండా వెనక సందులోంచి రావాలి. పొద్దున పూట మాత్రం పెద్దావిడ పెరట్లో పని పెట్టుకుని, వీధి కుక్క దూరకుండా వెనక తలుపూ కిటికీ వేసుకుంటుంది. అదీ సంగతి. తర్వాత మా ఆవిడ ముందు గదులు చూసింది. గోడ మందాన్ని జానతో కొలిచి, "ఇంత చోటుంటే కిటికీలో కూడా కూర్చోవచ్చు" అంది. నేను మూరెడు గోడ చూశాను గానీ అందులో కూర్చునే చోటు చూడలేదు.

తాళాలాయన దగ్గరికి వెళ్లి ఇద్దరి మాటా ఒకటయిందని చెప్పాం. ఎప్పుడైంది అన్నాడు. మొదటి నుంచీ ఒకటేనన్నాం. ఆయన నడుముకున్న గుత్తి గలగలలాడేలా నవ్వాడు. ఒకే ఇంటిని రెండిళ్లంత శ్రమపడి చూపించానన్నాడు. అయినా పద్ధతి మార్చుకోనన్నాడు.

బడులు తెరవడానికి ముందే కాగితాలన్నీ అయిపోయాయి. తాళాలు తీసుకోవడానికి వెళ్లిన పొద్దున, గార్డుగారి సామాను బండికెక్కిపోయింది. ఆయన మాత్రం పెరటి గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు. వంటింటి గడపకీ పెరటి నేలకీ మధ్య ఎత్తు ఎక్కువ. అక్కడ కొత్తగా ఒక మెట్టు వెలిసింది. సిమెంటు రంగు ఇంకా పచ్చిగానే ఉంది.

అమ్మేసిన ఇంటికి ఇప్పుడు ఈ శ్రమ ఎందుకన్నాను. మీరు చెబితే నేనే కట్టుకునేవాణ్ణి కదా అన్నాను.

"మీరు కడితే అది మీ మెట్టవుతుంది" అన్నాడాయన. "ఈ ఇంట్లో దిగిన ఏడాది మా ఆవిడ అడిగింది. రేపు కడతానన్నాను. ఆ రేపు నిన్న వచ్చింది."

పెద్దావిడ గుమ్మం పట్టుకోకుండా ఒక కాలు మెట్టు మీద వేసింది. రెండో కాలు వేసింది. పెరట్లోకి దిగి, వెనక్కి తిరిగి మళ్లీ ఎక్కింది. చేతిలోని తాళాలు మా ఆవిడ చేతిలో పెట్టి, ఆయనకి చేతులు కడుక్కోమని చెంబు అందించింది.

మర్నాడు మేం సామాను సర్దుకుంటున్నాం. పటం పెట్టడం అయింది, మిషను కిటికీ దగ్గర చేరింది. నేను సుత్తీ మేకులూ పట్టుకుని అద్దం తగిలించడానికి గోడ దగ్గర నిలబడ్డాను. మేకు పట్టుకున్న చెయ్యి దానంతటదే ఎప్పుడూ వెళ్లే ఎత్తుకు వెళ్లింది. అక్కడ ఆగింది.

"నేను నీకేమైనా బాకీ ఉన్నానా?" అని అడిగాను.

ఆవిడ మూట విప్పుతూ, "చాలా ఉన్నాయి" అంది. "ముందు ఆ అద్దం కాస్త కిందికి పెట్టండి. మొదటి ఇంట్లోనే అడిగాను."

అడిగిందంటే అడిగే ఉంటుంది. ఆరిళ్లలో ఆరు మేకులు నా కళ్ల ఎత్తుకే కొట్టాను. ఆవిడ మునివేళ్ల మీద నిలబడి బొట్టు పెట్టుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. అది ఆవిడ బొట్టు పెట్టుకునే పద్ధతి అనుకున్నాను.

వచ్చి నిలబడమన్నాను. చేతులు దులుపుకుని వచ్చి గోడకి ఎదురుగా నిలబడింది. ఆవిడ కళ్లకి సూటిగా పెన్సిలుతో గీత గీసి, కొలత చూసుకుని మేకు కొట్టి, అద్దం తగిలించాను. ఆవిడ మడమలు నేలకి ఆనించి నిలబడి చూసుకుంది. బొట్టు సరిచేసుకుంది. సరిగానే ఉన్నా మళ్లీ ఒకసారి సరిచేసుకుంది. తర్వాత పక్కకి జరిగి, మీకెలా ఉందో చూసుకోండి అంది.

అద్దంలో కింది నుంచి నా గడ్డం దాకానే కనబడింది. జేబులోంచి దువ్వెన తీసి, మోకాళ్లు వంచాను.